బాబాయి పిలవని పేరు

గోడ అవతలి నుంచి అక్క గొంతు వినిపించింది. "తమ్మీ, జర ఇటు రా. నాయిన లేస్తలేడు."

ఉదయం ఏడు దాటింది. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ప్రారంభానికి మైక్‌సెట్ పంపాల్సి ఉండి, ఆటోలోకి బాక్సులు ఎక్కిస్తున్నాను. భుజాన వైరు చుట్ట అలాగే ఉండగా గోడ దాటాను. బాబాయి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది. అక్క నా ముఖంలోకి చూసింది. వందల మంది ముందు మైకు పట్టుకుని గొంతు చించుకునే నాకు ఆ ఒక్క మాట నోటికి రాలేదు. చివరికి ఆమే అంది, "పోయిండా?" అని. తల ఊపాను.

ఇది పోయిన నెల సంగతి. బాబాయితో కోర్టులో పనిచేసినవాళ్ళు ఆయన జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట, నన్నూ రాయమన్నారు. "శాంతంగ రాయన్నా, నీ వాక్యం లెక్క రాయకు" అని జాగ్రత్త కూడా చెప్పారు. శాంతంగా రాయడానికే కూర్చున్నాను. కానీ చదివే మీకు ముందే చెబుతున్నాను. బాబాయి మీద నాకున్నది ప్రేమ. ఇంకొకడి మీద ఉన్నది పగ. ఒకటి రాస్తే రెండోది దాని వెనకే వస్తుంది. నేను ఆపలేను, ఆపాలని కూడా లేదు.

బాబాయి నాకు రక్తసంబంధం కాదు. సూర్యాపేటలో మా రెండిళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. ఆ పక్క ఆయన, నేను అక్క అని పిలిచే ఆయన కూతురు. ఈ పక్క నేను, నా భార్య. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. మైక్‌సెట్లు కిరాయికి ఇస్తాను. ఆదివారాలు ఎవరు పిలిస్తే వాళ్ళ వాకిట్లో బైబిలు వాక్యం చెబుతాను. నాకు బోధించడం ఎవరూ నేర్పలేదు. గ్రంథం చదవడానికే చదువు నేర్చుకున్నాను, చదివింది కడుపులో దాచుకోలేక అరవడం మొదలుపెట్టాను. బాబాయి గుళ్ళకు పోయే మనిషి. నా వాక్యం మాత్రం గోడ మీద మోచేతులు ఆనించుకుని పూర్తిగా వినేవాడు. అయిపోయాక, "నువ్వు పాస్టరువా, పబ్లిక్ ప్రాసిక్యూటరువా? దేవునికైనా వాయిదా ఇస్తవా లేదా?" అనేవాడు.

ఆయన ముప్ఫయ్యేళ్ళకు పైగా కోర్టులో అటెండరు. తెల్ల బట్టలు, భుజం మీంచి అడ్డంగా ఎర్ర పట్టీ. ఆయన పని కేసు వచ్చినప్పుడు గుమ్మం బయటికి వచ్చి కక్షిదారు పేరు మూడుసార్లు పిలవడం. మొదటిది మామూలుగా. రెండోది కొంచెం పెద్దగా. మూడోది చెట్ల కింద బీడీ తాగుతున్నవాడికి కూడా వినపడేలా, చివరి అక్షరం సాగదీసి. "మూడోసారికి కూడ రాకుంటే ఇగ వారెంటే" అనేవాడు. కోర్టులో మైకు లేదు. ఆ గొంతే మైకు. నేను ఇన్నేళ్ళుగా ఆంప్లిఫయర్లు మోస్తున్నాను, అలాంటి గొంతు ఏ డబ్బాలోంచీ రాలేదు.

ఇక లాక్‌డౌన్ సంగతి.

మా వీధి రెండు చివరలా వెదురు బొంగులు అడ్డం కట్టారు. పెళ్ళిళ్ళు లేవు, సభలు లేవు, నా బాక్సులన్నీ వరండాలో దుప్పటి కప్పుకుని పడుకున్నాయి. కూరగాయలను పసుపు నీళ్ళలో కడగడం, సైరన్ వినిపిస్తే ఎవరింటికోనని కిటికీలోంచి చూడడం, ఇదే బతుకు. ఒక మధ్యాహ్నం బాబాయి గోడ దగ్గరికి వచ్చి ఫోను చూపించాడు. అందులో ఎవరో పాత రేడియో డిటెక్టివ్ నాటకాలు పంపించారు. "ఇందుల మాటలు సరిగ వినపడ్తలెవ్వు కొడుకా. నీ డబ్బాలల్ల ఒక చిన్నది ఇయ్యరాదూ."

ఒక చిన్న బాక్సు గోడ మీద పెట్టి ఫోను తగిలించాను. కంకర మీద చెప్పుల చప్పుడు. కీచుమని తలుపు. ఒక ఆడమనిషి కేక. నా భార్య చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగిపోయింది. ఎదురింటి టైలరు గేటు దాకా వచ్చి నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో వీధి వీధంతా సాయంత్రం నాలుగింటికి ఎవరి వాకిట్లో వాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చోవడం మొదలైంది. మాస్కులు గడ్డాల కిందికి జారేవి, చెవులు మాత్రం గోడ మీది డబ్బాకే అతుక్కునేవి.

పద్ధతులన్నీ బాబాయివే. నాటకం నడుస్తుండగా ఎవరూ మాట్లాడరాదు. చివరి భాగానికి ముందు ఆపాలి. అప్పుడు ఒక్కొక్కరు హంతకుడు ఎవరో చెప్పాలి. నా భార్య ఎప్పుడూ వంటవాణ్ణే అనుమానించేది.

"వంటోడే మామా. పాలల్ల కలిపిండు."

"ఈ నాటకంల వంటోడే లేడు బిడ్డా."

"లేకపోతే ఆ పాలెవరు కాసిన్రు మరి? దాచి పెట్టిన్రు, చివర్ల తీసుకొస్తరు చూడు."

టైలరు ఎప్పుడూ డాక్టరు పేరే చెప్పేవాడు. ఆయన భార్య అటునుంచి, "ఆ డాక్టరు కుట్టుకూలి ఎగ్గొట్టిండు, అందుకే" అని అందరికీ వినిపించేలా అనేది. నేనైతే ప్రతిసారీ డబ్బున్నవాణ్ణే చెప్పేవాణ్ణి. గ్రంథంలో ఎక్కడ తెరిచినా నాకు వాడే కనిపిస్తాడు. బాబాయి అందరివీ విని చివరగా చెప్పేవాడు. దాదాపు ఎప్పుడూ తప్పేవాడు కాదు. ఎలా తెలుస్తుందని అడిగితే, "సాక్షి ఏం చెప్పిండన్నది వకీలు చూసుకుంటడు. చెప్పేటప్పుడు ఏడ చూస్తుండో గది నేను చూసెటోణ్ణి" అనేవాడు. నాటకంలో చూపులు కనపడవు కదా అంటే నవ్వేవాడు. "గొంతుకు కూడ కండ్లుంటయి రా."

హంతకుడు బయటపడగానే అసలు వేడుక ఉండేది. బాబాయి లేచి, లుంగీ సర్దుకుని, గుమ్మంలోకి వెళ్ళి, కోర్టులో లాగే వాడి పేరు మూడుసార్లు పిలిచేవాడు. మూడో పిలుపుకు వీధి కుక్కలు లేచి నిలబడేవి. వెదురు బొంగుల దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ కూడా చప్పట్లు కొట్టేవాడు. ఊరంతా భయంతో మూలుగుతున్న రోజుల్లో మా వీధిలో రోజుకొక దోషి దొరికేవాడు. ఆ మాత్రం న్యాయం మాకు అన్నం కంటే ఎక్కువగా ఒంటబట్టింది.

నాకొక బాధ ఉండేది. నాటకం అయ్యాక అదే డబ్బాలో పది నిమిషాలు వాక్యం చెప్పేవాణ్ణి. పేరు పిలవడం అవగానే ఒక్కొక్క తలుపూ పడేది. టైలరు కుర్చీ మడిచిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బాబాయే ఉపాయం చెప్పాడు. "నీ వాక్యం చివర్ల ఎందుకు పెడ్తవు? ఆఖరి భాగం ముందల పెట్టు. హంతకుడు తెలవకుంట ఎవడు లేస్తడు?" అలాగే చేశాను. నా జీవితంలో అంత నిశ్శబ్దంగా నా వాక్యం విన్నవాళ్ళు లేరు. పొలంలో తమ్ముణ్ణి చంపి ఏమీ ఎరగనట్టు నిలబడ్డ అన్న కథ, నేల నోరు తెరిచి ఆ రక్తం గురించి మొరపెట్టిన సంగతి చెప్పాను ఒకరోజు. "అదే మొదటి డిటెక్టివ్ నాటకం. సాక్షి లేడనుకున్నాడు వాడు. మట్టి సాక్షి!" అని అరిచాను. వీధంతా ఊపిరి బిగబట్టింది. బాబాయి మాత్రం తల దించుకున్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

తరువాత కొన్ని రోజులకు ఒక నాటకం వచ్చింది. ఒక వాచ్‌మన్‌ను కారు గుద్దుతుంది. డ్రైవరు తానే గుద్దానని ఒప్పుకుంటాడు. అందరూ సరేనంటారు. డిటెక్టివు మాత్రం కారెక్కి కూర్చుని కాళ్ళు చాపుతాడు. డ్రైవరు పొట్టివాడు, కానీ సీటు ఇంకా వెనక్కి జరిపి ఉంది. నడిపింది పొడుగు మనిషి, ఆ ఇంటి పెద్ద కొడుకు. వీధి మొత్తం ఈలలు. నా అనుమానం మొదటిసారి నిజమైంది. నేను గోడ మీద చరిచి, "లే బాబాయ్, పిలువు వాణ్ణి!" అన్నాను.

బాబాయి లేచాడు. గుమ్మంలోకి వెళ్ళాడు. నోరు తెరిచాడు. గొంతు రాలేదు. మెడ నరాలు ఉబ్బి, పెదాలు కదిలి, అలాగే కాసేపు నిలబడ్డాడు. తరువాత లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

"దమ్ము పట్టిందేమో" అన్నారు ఎవరో. ఆ రోజుల్లో ఊపిరి ఆడట్లేదంటే అందరికీ భయం. వీధి గబగబా ఖాళీ అయింది.

రెండు రోజులు ఆయన గోడ దగ్గరికి రాలేదు. మూడో రోజు పొద్దున నేను వాకిట్లో నీళ్ళు చల్లుతుంటే వచ్చి నిలబడ్డాడు. ఏమీ అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"నా తమ్ముడు ఎట్ల పోయిండో నీకు పూర్తిగ తెల్వదు. మేళ్లచెరువు దిక్కు సిమెంటు పనికి పోతుండె, కోదాడ నుంచి సైకిలు మీద. ఒకనాడు తిరిగొస్తుంటే లారీ గుద్దింది. దవాఖానల రెండు గంటలు బతికిండు. నా చెయ్యి పట్టుకొని చెప్పిండు. అన్నా, ఓనరు కొడుకు నడిపిండే. గుద్దినంక దిగిండు, నన్ను చూసిండు, మళ్ల ఎక్కి పోయిండు, అని."

నేను చెంబు కింద పెట్టాను.

"కాయితం మీద వేరే డ్రైవరు పేరొచ్చింది. నేను ఠాణాకు పోయి చెప్పిన. సచ్చెటోడు చెప్పింది నువ్వొక్కనివే విన్నవు, నువ్వేమో సొంత అన్నవు, ఎవరు నమ్ముతరు అన్నరు. కేసు నేను పనిచేసే కోర్టుకే వచ్చింది, అప్పుడు కోదాడల ఉంటి. సెలవు పెట్టుకో అన్నరు సార్లు. నా తమ్ముని కేసు నేను ఇనాలె అన్న. గదే తప్పు చేసిన. కాయితం మీద ఏ పేరుంటె గదే పిలవాలె కద నేను? పిలిచిన. వాయిదా వాయిదాకు మూడుసార్లు. నాలుగేండ్లు పిలిచిన రా, నా తమ్ముణ్ణి సంపనోని పేరు. ఆ డ్రైవరు తల వంచుకొని నా పక్క నుంచి లోపలికి పోయెటోడు. సంపినోడు బయట జీపుల కూసుండెటోడు. ఆని పేరు నా నోట్లె, నాలిక కిందనే ఉండె. సాక్షులు డ్రైవరును గుర్తుపట్టలేదు. ఎట్ల గుర్తుపడ్తరు? ఆడ లేనోణ్ణి? కేసు కొట్టేసిన్రు. ఖతం."

ఆయన ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికయ్యేది.

పేరు అడిగాను. చెప్పాడు, గోడకు మాత్రమే వినపడేంత మెల్లగా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంటి ఫంక్షన్లకు కోదాడ దాకా వెళ్ళి మైకు పెట్టింది నేనే. ఆ పేరును గౌరవనీయులు అని ముందు తగిలించి నా డబ్బాల్లోంచే మోగించాను.

"పిలువు బాబాయ్" అన్నాను. "ఇప్పుడే పిలువు. డబ్బా ఫుల్లు పెడ్త. కోదాడ దాకా పోవాలె."

"నీకు మైకు తప్ప ఇంకోటి తెల్వదా? మా మరదలి సంగతి ఆలోచించినవా?"

ఆయన తమ్ముడి భార్యను నేనూ చిన్నమ్మ అనే పిలుస్తాను, అప్పటికి చాలాసార్లు చూశాను. కేసు కొట్టేశాక ఆ ఓనరువాళ్ళే, దయగల మనుషుల్లా, కోదాడ బయట తమ లారీల యార్డు గేటు పక్కన ఆమెకు టీ బంకు పెట్టుకోవడానికి చోటు ఇచ్చారు. లారీ డ్రైవర్లే గిరాకీ. దానిమీదే పిల్లలను పెంచింది. గుద్దింది డ్రైవరేనని ఆమె నమ్మింది. ఓనరు కొడుకు దేవుడిలాంటివాడని నలుగురికీ చెప్పుకునేది.

"నేను చెప్తె ఆ బంకు ఎత్తేస్తది. ఆమెది గట్లాంటి పౌరుషం. ఎత్తేస్తె పిల్లలకు ఏం పెడ్తది? పిల్లలు పెద్దగైనంక చెప్దామనుకున్న. పెద్దగైన్రు. అప్పటికి నాకు ఇంకో భయం పట్టుకున్నది. ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు బావా అని అడుగుతది కద. ఏం చెప్పాలె?"

ఆ రోజు నాకు రెండు షరతులు పెట్టాడు. తాను బతికి ఉన్నన్నాళ్ళూ నోరు విప్పకూడదు. "నేను పోయినంక కూడ నీ మైకుల చెప్పకు. చెప్పాల్నంటే ఆమె ముంగల కూసొని, ఆమెకు చెప్పు. ఆ పేరు ఆమెది. నీది కాదు, నాది గుడ కాదు."

మాట ఇచ్చాను. ఇచ్చి ఎంత బాధపడ్డానో దేవుడికి తెలుసు. లాక్‌డౌన్ ఎత్తేశాక ఒకసారి ఇద్దరం బస్సులో వెళ్ళి చిన్నమ్మ బంకులో కూర్చున్నాం. మేము ఉండగానే ఆ ఓనరు కొడుకు కారు దిగాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా. "అమ్మా, ఒక చాయ్, చక్కెర తక్కువ" అన్నాడు. ఆమె గ్లాసు రెండుసార్లు కడిగి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. అతను బాబాయికి నమస్కారం పెట్టాడు. బాబాయి లేచి నిలబడి తిరిగి పెట్టాడు. కోర్టులో అలవాటైన నిలబడడం. నేను నా గ్లాసు నేల మీద కుమ్మరించి రోడ్డు దాటి అవతలకు వెళ్ళిపోయాను.

తిరుగు బస్సులో అన్నాను, "నువ్వెట్ల నమస్తే పెట్టినవు వానికి?"

"చెయ్యి లేస్తది. లోపల లేవదు" అన్నాడు. ఆ మీదట నా వైపు తిరిగి, "నీ గ్రంథంల పగ దేవునిదని ఉందంటివి కద?" అన్నాడు.

"ఉంది. గుర్తు చేసే పని నాది."

ఆయన నవ్వాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వాక్యం అయ్యాక, "గుర్తు చేసినవా ఇయ్యాల?" అని అడిగేవాడు. చేశాను. ప్రతి ప్రార్థనలో చేశాను. అతని లారీలు ఎదురైన ప్రతిసారీ కండువా నోట్లో కుక్కుకుని చేశాను. క్షమించమని గ్రంథం చెబుతుందని నాకు ఎవరూ నేర్పనవసరం లేదు. క్షమాపణ అడిగినవాడి గురించి కదా అది? వాడు ఏనాడైనా అడిగాడా? దిగి, చూసి, మళ్ళీ ఎక్కి వెళ్ళినవాణ్ణి నేను ఏ ముఖంతో క్షమించాలి, చచ్చినవాడి తరఫున? అడగనివాడికి ఇచ్చే క్షమాపణ నా దగ్గర లేదు. దేవుడి దగ్గర ఉంటే ఆయనే ఇచ్చుకుంటాడు.

పదకొండో రోజు కర్మకు మా వీధిలోనే టెంటు వేశాం. మైకు నాదే. కోర్టు నుంచి పాతవాళ్ళు వచ్చారు, వకీళ్ళు వచ్చారు. చిన్నమ్మ కోదాడ నుంచి ముందురోజే వచ్చి వంటల దగ్గర కూర్చుంది. పన్నెండు గంటలప్పుడు ఆ ఓనరు కొడుకు కారు వచ్చి ఆగింది. ఫొటోకు ఇంత లావు దండ వేశాడు. వేసి ఊరుకోలేదు. మైకు అడిగాడు.

"పెద్దాయన నాకు తండ్రి లాంటివారు" అని మొదలుపెట్టాడు. "వారి తమ్ముడు ప్రమాదంలో పోయినప్పుడు ఆ కుటుంబం రోడ్డున పడకుండా మేమే చూసుకున్నాం. ఈరోజుకీ చూసుకుంటున్నాం. మనిషికి మనిషే..."

నా చేయి తనంతట తానే తిరిగింది. బటన్ ఆపేశాను. అతని నోరు ఆడుతున్నది, మాట రావడం లేదు. జనం తలలు తిప్పారు. అతను మైకు తట్టాడు, ఊదాడు.

"ఏమైందయ్యా?"

"మీ మాటలు దీనికి పడ్తలెవ్వు సార్" అన్నాను.

వెనక టైలరు కిసుక్కుమన్నాడు. అతను చిరునవ్వుతో మైకు బల్ల మీద పెట్టి భోజనాల వైపు వెళ్ళాడు. ఇప్పుడు ఆ మైకు ఖాళీగా నా ముందు ఉంది. మూడు వందల మంది ఉన్నారు. బటన్ నా వేలి కింద ఉంది. చదివే మీతో అబద్ధమెందుకు, ఆ క్షణం నాకు కావలసింది న్యాయం కాదు. నా గొంతులో ఆ పేరు మోగాలి, వాడు వణకడం నేను చూడాలి. రాజు ఎదుట నిలబడి ఆ మనిషివి నువ్వే అని వేలెత్తిన ప్రవక్తలా నన్ను నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో! కానీ ఆ పేరు నాది కాదు. బాబాయి ఆ మాట స్పష్టంగా చెప్పి పోయాడు. వేలు తీశాను. టెంటు వెనక్కి వెళ్ళాను.

చిన్నమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని పెరుగు బకెట్లో ఉప్పు కలుపుతున్నది. ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను. దవాఖాన, ఆ రెండు గంటలు, దిగి చూసి మళ్ళీ ఎక్కి వెళ్ళడం, నాలుగేళ్ళ పిలుపు. నా గొంతు అంత చిన్నదవుతుందని నాకే తెలియదు. బాబాయి ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. ఆమె కలిపే చేయి ఆగలేదు.

తరువాత అడిగింది. "నా చేతి చాయ్ ఎన్నేండ్లు తాగిండు వాడు?"

ఆమె లేచి, చేయి కడుక్కుని, కొంగు నడుముకు దోపి, పంక్తిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. అతను మధ్యలో కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. తలెత్తి, "రా అమ్మా, నువ్వే వడ్డిస్తున్నావా" అన్నాడు. ఆమె వంగి, రెండు చేతులతో అతని ముందున్న ఇస్తరాకు ఎత్తేసింది. అన్నంతో, కూరలతో, అంచున పెట్టిన గారెతో సహా.

మా దగ్గర తింటున్నవాడి ముందు నుంచి ఇస్తరి ఎవరూ తీయరు. శత్రువు వచ్చి కూర్చున్నా తీయరు. అదీ కర్మ భోజనంలో. పంక్తి మొత్తం చేతులు ఇస్తరిలోనే ఆగిపోయాయి.

"లే" అంది ఆమె. "మా ఆయన్ని చూసి లారీ ఎక్కి పోయినవు కద. గట్లనే లేచి పో."

ఒక్క సంగతి అందరూ గమనించారు. తప్పు చేయనివాడైతే ఏమంటాడు? ఏమిటమ్మా, ఎందుకమ్మా, ఎవరు చెప్పారమ్మా అంటాడు. కోపమైనా తెచ్చుకుంటాడు. అతను ఏదీ అడగలేదు. ఎంగిలి చేయి గాలిలో అలాగే పట్టుకుని లేచాడు. కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చేవాళ్ళు ఎవరూ కదలలేదు. అలాగే, ఎండుతున్న చేత్తో, టెంటు దాటి కారు దాకా నడిచాడు. ముప్ఫయ్యేళ్ళు కోర్టులో పనిచేసిన గుమాస్తా ఒకాయన నా పక్కన నిలబడి మెల్లగా అన్నాడు, "ఇగ తీర్పు ఏం రాయాలె?"

అతని పేరు ఇక్కడ రాయలేదు. భయపడి కాదు. రుజువు లేని పేరు కాగితం మీద పెట్టకూడదని కోర్టు మనిషి పక్కన బతికి నేర్చుకున్నాను. లారీ ఎక్కి పోయినవాడా, నువ్వు ఈ పుస్తకం చదువుతావు. చదవకపోతే ఎవరో చదివి వినిపిస్తారు. నీ పేరు ఎక్కడ వస్తుందోనని ప్రతి పేజీ తిప్పుతావు. తిప్పు. నాకు అది చాలు.

చిన్నమ్మ రెండు రోజుల తరువాత కోదాడ వెళ్ళింది. నా టెంటు సామానులోంచి నాలుగు గుంజలు, ఒక టార్పాలిన్ తీసుకుని నేనూ వెళ్ళాను. అతని స్థలంలోంచి పొయ్యి, బెంచీ, గ్లాసులు తీసి, రోడ్డు దాటించి, సరిగ్గా యార్డు గేటుకు ఎదురుగా సర్కారు జాగాలో పెట్టాం. డ్రైవర్లు రోడ్డు దాటి వచ్చారు. "ఇటెందుకొచ్చినవమ్మా?" అని అడిగిన ప్రతివాడికీ ఆమె చాయ్ పోస్తూ చెప్పింది, గొంతు పెంచకుండా, పేరుతో సహా. చిలుకూరు వాడికి చెప్పింది, మఠంపల్లి వాడికి చెప్పింది. విన్నవాళ్ళు గ్లాసు కింద పెట్టి గేటు వైపు ఒకసారి చూసి, మళ్ళీ గ్లాసు ఎత్తుకున్నారు.

మొన్న మళ్ళీ వెళ్ళాను. తొమ్మిదింటికి అతని కారు మలుపు తిరిగింది. ఆమె పోస్తున్న గిన్నె దించింది. కొంగు సర్దుకుని లేచి నిలబడింది. తాగుతున్న డ్రైవర్లు కూడా ఒక్కొక్కరే లేచారు. కారు అద్దాలు నల్లగా ఉన్నాయి, పూర్తిగా ఎక్కించి ఉన్నాయి. గేటు తెరుచుకోవడానికి కొంచెం ఆలస్యమైంది. కారు ఆగింది. ఆమె ఆ నల్ల అద్దంలోకి కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగి మంట మీదికి కారుతున్నా, అటు తిరగలేదు.